మెరోపెనెమ్ రెసిస్టెంట్, హాడ్జ్ టెస్ట్ నెగెటివ్: రిపోర్టులో ఏం రాయాలి?

ముందు డాక్టర్ గారికి చెప్పాల్సిన మాట. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌కి బ్యాక్టీరియా రెసిస్టెంట్ (అంటే లొంగదు) అని డిస్క్ చెప్పాక, ఎంజైమ్ టెస్ట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన అది సెన్సిటివ్ (అంటే లొంగేది) అయిపోదు. రిపోర్టులో రెసిస్టెంట్ అనే రాయండి, కాగితం వార్డుకి చేరే దాకా ఆగకుండా ఫోన్ చేసి కూడా చెప్పండి. ఇక మీకు చెప్పాల్సిన మాట: ఆ ఎంజైమ్ కోసం పెట్టే హాడ్జ్ టెస్ట్ ఇంక పెట్టకండి.

చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. గాజువాక వైపు చిన్న ఆసుపత్రి ల్యాబ్, ఆటోమేటిక్ మెషిన్ లేదు, సెన్సిటివిటీ (ఏ మందుకి లొంగుతుందో చూడడం) అంతా మందు పట్టించిన డిస్క్‌లతోనే. ఐసీయూలో ఉన్న ఒక పెద్దాయన క్యాథెటర్ యూరిన్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే పెరిగింది. ఎర్టాపెనెమ్ (మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందే) డిస్క్ చుట్టూ జోనే (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) లేదు, మెరోపెనెమ్‌కి 14 మి.మీ. వచ్చింది. కాలేజీలో నేర్చుకున్నట్టు కార్బపెనెమ్‌లని విరగ్గొట్టే ఎంజైమ్ (కార్బపెనిమేజ్) కోసం మోడిఫైడ్ హాడ్జ్ టెస్ట్ పెడితే నెగెటివ్. "అంటే కార్బపెనిమేజ్ లేదన్నమాట, డోసు పెంచి మెరోపెనెమే ఇచ్చేద్దామా?" అని డాక్టర్ గారు అడుగుతున్నారు. దాంతోపాటు ప్రతి రిపోర్టులో ఈఎస్‌బీఎల్ (సెఫలోస్పోరిన్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్) సంగతి రాయాలా, జీన్‌లని పట్టే పీసీఆర్ మెషిన్ లేకుండా ఈ ఎంజైములని పట్టుకోగలమా అని కూడా అడిగారు.

తమ్ముడూ, ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మందు పనిచేస్తుందా లేదా అన్నది ఒకటి, పనిచేయకపోతే ఎందుకు అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు జోన్ సైజు చెప్తుంది, సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) పట్టికలో ఎంటెరోబ్యాక్టరేల్స్‌కి (క్లెబ్సియెల్లా, ఈ.కోలి ఉన్న వర్గం) మెరోపెనెమ్ 19 మి.మీ. లేదా అంతకంటే తక్కువైతే రెసిస్టెంట్, 23 అంతకంటే ఎక్కువైతే సెన్సిటివ్, మీది 14, కాబట్టి అందులో చర్చ లేదు. రెండోదానికి మాత్రమే ఎంజైమ్ టెస్ట్. ఎంజైమ్ నెగెటివ్ అని వచ్చి మందు రెసిస్టెంట్‌గా ఉండడం అసాధ్యమేమీ కాదు: క్లెబ్సియెల్లా తన పై పొరలో మందు లోపలికి వచ్చే పోరిన్ దారులు మూసేసుకుని, లోపల ఈఎస్‌బీఎల్‌నో యాంప్‌సీనో (అలాంటిదే ఇంకో ఎంజైమ్) ఎక్కువగా తయారు చేసుకుంటే అసలు కార్బపెనిమేజ్ లేకుండానే కార్బపెనెమ్‌లకి లొంగదు, అలాంటప్పుడు ముందుగా దెబ్బతినేది ఎర్టాపెనెమ్. డోసు పెంచడం, ఎక్కువసేపు డ్రిప్‌లో ఎక్కించడం లాంటివి ఎంఐసీ (బ్యాక్టీరియాని ఆపడానికి కావలసిన కనీస మందు గాఢత) చూసి, రోగి పరిస్థితి చూసి ఆలోచించేవి. ఒక నెగెటివ్ హాడ్జ్ పట్టుకుని తీసుకునే నిర్ణయం కాదు.

అయితే మీ కేసులో కార్బపెనిమేజ్ నిజంగానే లేదా? నాకు నమ్మకం లేదు. మెరోపెనెమ్ 14కి పడిపోయిన ఐసీయూ క్లెబ్సియెల్లా మన దేశంలో ఎక్కడ దొరికినా, ముందు అనుమానించాల్సింది ఎన్‌డీఎం అనే కార్బపెనిమేజ్, లేదా ఆక్సా-48 రకం కార్బపెనిమేజ్, లేదా రెండూ కలిసి. ఈ రెండింటిలో హాడ్జ్ టెస్ట్ సరిగ్గా పట్టలేనిది ఎన్‌డీఎం. ఆ ఎంజైమ్ బ్యాక్టీరియా బయటి పొరకే అతుక్కుని ఉంటుంది, మిగతావాటిలా సులభంగా బయటికి రాదు. పైగా దానికి పనిచేయడానికి జింక్ కావాలి, ఆగర్‌లో జింక్ తక్కువగా ఉంటే మరీ నీరసంగా కనిపిస్తుంది. హాడ్జ్ టెస్ట్‌లో మనం చూసేది ఏంటి? మనం గీసిన గీత పక్కన ఈ.కోలి లోపలికి పెరిగిందా లేదా అని. ఎంజైమ్ బయటికి వచ్చి ఆగర్‌లో మెరోపెనెమ్‌ని తినేస్తేనే ఆ పెరుగుదల. ఎన్‌డీఎంతో అది సరిగా జరగదు. ఇంకోవైపు, సీటీఎక్స్-ఎం అనే ఈఎస్‌బీఎల్ ఉండి పోరిన్ పోయిన క్లెబ్సియెల్లా, యాంప్‌సీ ఎక్కువగా చేసే ఎంటెరోబ్యాక్టర్ ఉత్త పుణ్యానికే పాజిటివ్ చూపిస్తాయి. కేపీసీ అనే ఇంకో కార్బపెనిమేజ్ ఎక్కువగా ఉన్న అమెరికాలో అది కొన్నాళ్లు పనికొచ్చింది, మనకి ఎప్పుడూ సరిగ్గా సరిపోలేదు. 2018లో సీఎల్‌ఎస్‌ఐ దాన్ని పూర్తిగా తీసేసింది. ఇప్పటికీ మన దగ్గర ప్రాక్టికల్ రికార్డుల్లో బొమ్మతో సహా వేయించుకుంటున్నారు, అదే బాధ.

దాని బదులు ఎంసీఐఎం పెట్టండి. మోడిఫైడ్ కార్బపెనెమ్ ఇన్‌యాక్టివేషన్ మెథడ్. పేరు పొడుగే కానీ చేయడానికి కొత్త మెషిన్ ఒక్కటి కూడా అక్కర్లేదు, మీ ల్యాబ్‌లో ఉన్న సామాన్లే చాలు.

పద్ధతి ఇది. రెండు మిల్లీలీటర్ల ట్రిప్టిక్ సాయ్ బ్రాత్ తీసుకోండి. రాత్రంతా బ్లడ్ ఆగర్ మీద పెరిగిన తాజా కాలనీల నుంచి ఒక మైక్రోలీటర్ లూప్ నిండా తీసి అందులో కలపండి. క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటి వాటికి ఒక మైక్రోలీటర్ లూప్, సూడోమోనాస్ ఎరుజినోసాకి అయితే పది మైక్రోలీటర్ల లూప్. ఇక్కడ చాలామంది జారతారు, ఉన్న లూప్‌తోనే అన్నీ చేసేస్తారు. పది నుంచి పదిహేను సెకన్లు వోర్టెక్స్ చేసి, పది మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్క్‌ని పూర్తిగా మునిగేలా అందులో వేసి, 35 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచండి, అటూ ఇటూ పదిహేను నిమిషాలకి మించి తేడా రాకూడదు. ఆ నాలుగు గంటలు అయ్యే ముందు ఈ.కోలి ఏటీసీసీ 25922ని (మందులకి లొంగే కంట్రోల్ రకం) 0.5 మెక్‌ఫార్లాండ్ మసకకి కలుపుకుని ముల్లర్ హింటన్ ప్లేట్ మీద మామూలు సెన్సిటివిటీకి చేసినట్టే లాన్ (ప్లేటంతా పరిచిన పూత) వేసుకోండి. కలిపిన పదిహేను నిమిషాల్లో లాన్ వేయాలి, వేశాక ప్లేట్ మూడు నుంచి పది నిమిషాలు ఆరాలి. ఇప్పుడు డిస్క్‌ని లూప్‌తో బయటికి తీయండి, తీసేటప్పుడు ట్యూబ్ అంచుకి ఆనించి లాగితే అదనంగా ఉన్న ద్రవం వదిలేస్తుంది, లేకపోతే ప్లేట్ మీద కారి ఆ చుట్టూ గజిబిజి అవుతుంది. డిస్క్‌ని లాన్ మీద పెట్టి, ప్లేట్ బోర్లించి 18 నుంచి 24 గంటలు ఇంక్యుబేటర్‌లో.

లాజిక్ సింపుల్. మన క్లెబ్సియెల్లా దగ్గర కార్బపెనిమేజ్ ఉంటే ఆ నాలుగు గంటల్లో డిస్క్‌లోని మందుని ధ్వంసం చేసేస్తుంది, ఖాళీ డిస్క్ మీద అమాయకపు ఈ.కోలి హాయిగా పెరుగుతుంది. లేకపోతే మందు మిగిలి డిస్క్ చుట్టూ ఈ.కోలి పెరగని పెద్ద జోన్ వస్తుంది. పోరిన్ పోయి మాత్రమే రెసిస్టెంట్ అయిన క్లెబ్సియెల్లా అయితే మందుని ముట్టుకోదు కాబట్టి జోన్ పెద్దగానే వస్తుంది. మీకు కావలసిన తేడా అదే.

చదవడం ఇలా. జోన్ 6 నుంచి 15 మి.మీ. అయితే పాజిటివ్. 16 నుంచి 18 ఉండి లోపల సూదిమొనల్లాంటి చిన్న కాలనీలు ఉన్నా పాజిటివే. 19 అంతకంటే ఎక్కువ ఉండి, శుభ్రంగా ఉంటే నెగెటివ్. 16 నుంచి 18 ఉండి కాలనీలు లేకపోయినా, 19 దాటి కూడా లోపల కాలనీలు కనిపించినా అది తేలని ఫలితం, అప్పుడు కల్చర్ ప్యూర్‌గా ఉందో లేదో చూసుకుని మళ్లీ పెట్టాలి. ప్లేట్‌ని వెలుతురు కింద కాస్త వంచి చూడండి, ఆ చిన్న కాలనీలు ట్యూబ్ లైట్ కింద నిలబడి చూస్తే కనపడవు.

సమయం కూడా మీలాంటి చిన్న ల్యాబ్‌కి కుదురుతుంది. పొద్దున కాలనీ చూసి పదకొండుకి ట్యూబ్ పెడితే మూడింటికి డిస్క్ తీయొచ్చు, మర్నాడు పొద్దున్నే ఫలితం. డ్యూటీ మారే వేళకి నాలుగు గంటలు పడేలా మాత్రం పెట్టకండి, "నువ్వు తీస్తావనుకున్నా" అంటే "నువ్వు తీస్తావనుకున్నా" అని ట్యూబ్ ఆరు గంటలు ఉండిపోతుంది.

ఒక హెచ్చరిక: ఎసినెటోబ్యాక్టర్‌కి ఈ టెస్ట్ పెట్టి రిపోర్టు రాయకండి. ఇది ఎంటెరోబ్యాక్టరేల్స్‌కి, సూడోమోనాస్ ఎరుజినోసాకి మాత్రమే. మన ఐసీయూల్లో ఎసినెటోబ్యాక్టర్‌కి తక్కువ లేదు కాబట్టి ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే ముందే చెప్తున్నా.

డిస్క్‌ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వైజాగ్‌లో ఈ టెస్ట్ చెడిపోయేది ఎక్కువగా అక్కడే. సముద్రం పక్కన ఊరు, మే నెలలో గాలిలో ఎంత తేమ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి డిస్క్ సీసా తీసి చల్లగా ఉండగానే మూత తెరిస్తే లోపల నీటి చెమ్మ పడుతుంది, మెరోపెనెమ్ లాంటి బీటా-లాక్టమ్ మందులకి చెమ్మే శత్రువు. సీసా గది వేడికి వచ్చే దాకా ఆగండి. ఎక్కువ స్టాకు మైనస్ 20లో, వాడుతున్న సీసా 2 నుంచి 8 డిగ్రీల్లో, డెసికెంట్‌తో. దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది కాదు, వేడెక్కుతూ చల్లారుతూ ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి తర్వాత డిస్క్‌ల మీద కంట్రోల్ పెట్టకుండా రోగి శాంపిల్ పెట్టకూడదన్నది నా పట్టింపు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నదంతా ఏమైందో ఆ రోజుల్లో ల్యాబుల్లో పనిచేసిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

డిస్క్ బాగుందని ఎలా తెలుస్తుంది? ఈ.కోలి 25922 మీద మెరోపెనెమ్ డిస్క్ మామూలుగా పెడితే కనీసం 28 మి.మీ. రావాలి. అంతకు తగ్గితే ఆ బ్యాచ్ పక్కన పెట్టండి. దీని ప్రాముఖ్యం గమనించండి: ఎంసీఐఎంలో సగం చచ్చిన డిస్క్ వాడితే ఎంజైమ్ లేని బ్యాక్టీరియా కూడా పాజిటివ్‌లా కనిపిస్తుంది. ఎంసీఐఎం పెట్టిన ప్రతిరోజూ పక్కనే క్లెబ్సియెల్లా న్యుమోనియే ఏటీసీసీ బీఏఏ-1705 పాజిటివ్ కంట్రోల్‌గా, బీఏఏ-1706 నెగెటివ్ కంట్రోల్‌గా ఉండాలి. 1705లో కేపీసీ ఉంది, 1706లో కార్బపెనిమేజ్ లేదు. ఎన్‌డీఎం కంట్రోల్ కావాలంటే బీఏఏ-2146. ఇవి కొన్నాక స్లాంట్ మీద నెలల తరబడి సబ్‌కల్చర్ చేస్తూ పోకండి, రెసిస్టెన్స్ జీన్ ఉన్న ప్లాస్మిడ్‌ని బ్యాక్టీరియా వదిలేసుకునే అవకాశం ఉంది. గ్లిసరాల్ స్టాకులు చేసి డీప్ ఫ్రీజర్‌లో దాచి, కొంచెం కొంచెం తీసి వాడాలి. మీ దగ్గర డీప్ ఫ్రీజర్ లేకపోతే ఉన్న ల్యాబ్‌తో మాట్లాడుకుని వాళ్ల దగ్గర పెట్టించుకోండి, ఈ ఊళ్లో ఒకరికొకరం ఆ మాత్రం చేసుకుంటాం.

సరే, పాజిటివ్ వచ్చిందనుకుందాం. డాక్టర్ గారికి నిజంగా కావలసిన సమాచారం ఇక్కడ మొదలవుతుంది: ఏ రకం కార్బపెనిమేజ్? మందు ఎంపిక దీని మీదే తిరుగుతుంది. కేపీసీ, ఆక్సా-48 సెరీన్ రకాలు, వీటిని సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ (యాంటీబయాటిక్, దాన్ని కాపాడే ఎంజైమ్ నిరోధకం కలిసిన మందు) అడ్డుకోగలదు. ఎన్‌డీఎం, వీఐఎం, ఐఎంపీ మెటల్లో రకాలు, జింక్ మీద నడిచేవి, వీటి ముందు అవిబాక్టమ్ పనిచేయదు. ఖరీదైన సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే ఎన్‌డీఎం ఉన్న మనిషికి ఎక్కిస్తే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి.

ఆ తేడా చూడడానికి ఈసీఐఎం. ఎంసీఐఎంతో పాటే రెండో ట్యూబ్ పెట్టండి, అన్నీ అవే, కాకపోతే రెండు మిల్లీలీటర్ల బ్రాత్‌లో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు ముందే కలపాలి. ఈడీటీఏ జింక్‌ని పట్టేసుకుంటుంది, జింక్ లేక మెటల్లో ఎంజైమ్ ఆగిపోతుంది, డిస్క్‌లో మందు మిగులుతుంది. రెండు డిస్క్‌లూ ఒకే ప్లేట్ మీద పెట్టండి. ఈడీటీఏ ఉన్న దాని జోన్ లేనిదానికంటే 5 మి.మీ. లేదా అంతకు మించి పెరిగితే మెటల్లో రకం. 4 లేదా అంతకు తక్కువ తేడా అయితే సెరీన్ రకం. ఈసీఐఎం జోన్ లోపల చిన్న కాలనీలు ఉంటే వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఎంసీఐఎం పాజిటివ్ అయితేనే ఈసీఐఎం చదవాలి, అది నెగెటివ్ అయితే దీనికి అర్థం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, కాస్త నిదానంగా చదవండి. మన దేశంలో ఒకే క్లెబ్సియెల్లాలో ఎన్‌డీఎం, ఆక్సా-48 రకం రెండూ ఉండడం మామూలైపోయింది. వంటింట్లో గ్యాస్ స్టవ్‌తో పాటు ఇండక్షన్ స్టవ్ కూడా ఉందనుకోండి, గ్యాస్ కట్టేసినంత మాత్రాన అన్నం ఉడకడం ఆగదు. ఈడీటీఏ ఎన్‌డీఎంని ఆపేస్తుంది, ఆక్సా-48 మాత్రం తన పాటికి తాను మందుని తినేస్తూనే ఉంటుంది, జోన్ పెరగదు, మీరు "సెరీన్ రకం" అని రాసేస్తారు. డాక్టర్ గారు అది చూసి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే మొదలుపెడతారు. లోపల ఎన్‌డీఎం చెక్కుచెదరకుండా ఉంటుంది. కాబట్టి ఈసీఐఎం పాజిటివ్ అయితే మెటల్లో ఉందని ధైర్యంగా చెప్పొచ్చు, నెగెటివ్ అయితే మాత్రం మెటల్లో లేదని రాయకండి. "సెరీన్ కార్బపెనిమేజ్ ఉన్నట్టు సూచన, మెటల్లో రకం కూడా కలిసి ఉండే అవకాశాన్ని ఈ పరీక్ష తోసిపుచ్చలేదు" అని రిపోర్టు కిందే ఒక వాక్యం పెట్టండి. ఆ వాక్యం లేకుండా ఈసీఐఎం ఫలితం ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడం మేలని నా అభిప్రాయం.

ఇలాంటప్పుడే లాటరల్ ఫ్లో కార్డులకి డబ్బు పెట్టొచ్చు. ప్రెగ్నెన్సీ కార్డు లాంటిదే, కాలనీ నుంచి పదిహేను నిమిషాల్లో కేపీసీ, ఆక్సా-48 రకం, ఎన్‌డీఎం, వీఐఎం, ఐఎంపీ అయిదింటినీ విడివిడిగా గీతల్లో చూపిస్తుంది, రెండు గీతలు వస్తే రెండు ఎంజైములు. అన్ని శాంపిళ్లకీ వాడితే చేతికి ఆనదు, ఐసీయూ బ్లడ్ కల్చర్‌లో వచ్చిన కార్బపెనెమ్ రెసిస్టెంట్ వాటికి దాచుకోండి. పీసీఆర్ కార్ట్రిడ్జ్‌లు కూడా ఇదే అయిదు కుటుంబాల జీన్‌లని దాదాపు గంటలో చూపిస్తాయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, కార్డైనా కార్ట్రిడ్జ్ అయినా తాను వెతికేవాటినే చూస్తుంది. జాబితాలో లేని ఎంజైమ్ ఉంటే నెగెటివ్ అంటుంది. ఎంసీఐఎం అలా కాదు, పేరేదైనా మందుని తింటుంటే చాలు పట్టేస్తుంది. అందుకే మెషిన్ కొన్న ల్యాబ్‌లు కూడా ఎంసీఐఎం మానేయకూడదంటాను.

కార్బా ఎన్‌పీ అనే ఇంకో కార్బపెనిమేజ్ టెస్ట్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 2012లో నార్డ్‌మన్, పోయిరెల్, డోర్టే ప్రకటించిన పద్ధతి. ఇమిపెనెమ్ విరిగితే ఆమ్లం పెరిగి ఫినాల్ రెడ్ ఎరుపు నుంచి పసుపుకి మారుతుంది, రెండు గంటల్లో తేలిపోతుంది. వేగం బాగుంది, కానీ ఇమిపెనెమ్ కలిపిన ద్రావణం ఎక్కువసేపు నిలవదు, ఆక్సా-48 రకాల్ని వదిలేస్తుంది. ఆక్సా-48 ఇంత ఎక్కువగా ఉన్న చోట నేనైతే దాని మీద ఆధారపడను.

మీ ప్లేట్ మీదే ఇంకో ఆనవాలు ఉండొచ్చు, చూడండి. అమికాసిన్, జెంటామిసిన్, టోబ్రామైసిన్ మూడింటికీ జోన్ ఏమాత్రం లేకుండా 6 మి.మీ.తో ఉందా? ఎన్‌డీఎం మోసుకొచ్చే ప్లాస్మిడ్‌లతో పాటు రైబోసోమ్‌ని మార్చేసే 16ఎస్ మిథైలేజ్ ఎంజైములు తరచుగా వస్తాయి, అవి ఉంటే ఈ మూడు అమైనోగ్లైకోసైడ్ మందులూ ఒకేసారి పోతాయి. రిపోర్టులో రాయడానికి ఇది చాలదు, అనుమానం పెంచుకోవడానికి చాలు.

ఎన్‌డీఎం తేలితే డాక్టర్ గారు అడిగే తర్వాతి ప్రశ్న అజ్ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్ గురించి. ఎన్‌డీఎం అజ్ట్రియోనామ్‌ని విరగ్గొట్టలేదు. అయినా మీ డిస్క్ మీద అజ్ట్రియోనామ్ రెసిస్టెంట్ అనే వస్తుంది, ఎందుకంటే అదే బ్యాక్టీరియాలో సీటీఎక్స్-ఎం లాంటి ఈఎస్‌బీఎల్ కూడా కూర్చుని ఉంటుంది, అది అజ్ట్రియోనామ్‌ని తినేస్తుంది. ఆ ఈఎస్‌బీఎల్‌ని అవిబాక్టమ్ ఆపితే అజ్ట్రియోనామ్ బతికి పనిచేస్తుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌తో కలిపి అజ్ట్రియోనామ్ ఇవ్వడం వెనక ఉన్న లెక్క ఇదే. ఈ జోడీ పనిచేస్తుందో లేదో చూడడానికి బ్రాత్ డిస్క్ ఎల్యూషన్ అనే పద్ధతి ఉంది, డిస్క్‌లలోని మందుని బ్రాత్‌లోకి దింపి ట్యూబుల్లో చూస్తారు, ఎంసీఐఎం మీద చెయ్యి కుదిరాక దాని జోలికి వెళ్లండి. కొలిస్టిన్ డిస్క్ మాత్రం పెట్టొద్దు, ఆ మందు అణువు పెద్దది, ఆగర్‌లో సరిగా పాకదు, ఆ జోన్‌కి విలువ లేదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేసే చోటికి పంపండి.

ఇక ఈఎస్‌బీఎల్. 2010లో సీఎల్‌ఎస్‌ఐ సెఫలోస్పోరిన్ బ్రేక్‌పాయింట్లు కఠినం చేశాక, మందు రిపోర్టు చేయడానికి ఈఎస్‌బీఎల్ టెస్ట్ తప్పనిసరి కాదు. సెఫ్ట్రియాక్సోన్ రెసిస్టెంట్ అని వస్తే రెసిస్టెంట్ అని రాయడమే. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కోసం, ఆసుపత్రిలో ఎంత ఉందో లెక్క తెలియడం కోసం చేస్తామంటే చేయండి. చేసేటట్టయితే రెండు మందులతోనూ చేయాలి: సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్, ఒక్కోటీ విడిగా, క్లావులనిక్ యాసిడ్‌తో కలిపి, క్లావులనేట్ ఉన్న దాని జోన్ ఏ ఒక్కదానికైనా 5 మి.మీ. అంతకంటే ఎక్కువ పెరిగితే పాజిటివ్. ఈ పరీక్ష ఈ.కోలికి, క్లెబ్సియెల్లా న్యుమోనియే, ఆక్సిటోకాలకి, ప్రోటియస్ మిరాబిలిస్‌కి. ఎంటెరోబ్యాక్టర్ క్లోయేసీకి పెట్టి "ఈఎస్‌బీఎల్ నెగెటివ్" అని రాసిన రిపోర్టులు చూస్తుంటాను, చూస్తే కోపం వస్తుంది. దానికి పుట్టుకతో యాంప్‌సీ ఉంది, క్లావులనేట్ యాంప్‌సీని ఆపలేదు, పైగా ఇంకా ఎక్కువ తయారు చేయిస్తుంది. మీ ప్రస్తుత క్లెబ్సియెల్లాకి కూడా ఈఎస్‌బీఎల్ టెస్ట్ దండగ, కార్బపెనిమేజ్ ఉన్నచోట క్లావులనేట్ తేడా కనపడకుండా పోతుంది, "నెగెటివ్" అని రాస్తే చదివేవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు.

పిప్‌టాజ్ (పిపెరాసిలిన్-టాజోబాక్టమ్) సెన్సిటివ్ అని వచ్చింది కదా, ఈఎస్‌బీఎల్ ఉన్నా ఇవ్వొచ్చా అని మీ డాక్టర్ గారు ఏదో ఒకరోజు అడుగుతారు. 2018లో మెరినో ట్రయల్ వచ్చింది, సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని ఈ.కోలి, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవాళ్లలో 30 రోజుల్లో మరణాలు పిప్‌టాజ్ ఇచ్చినవాళ్లలో 12.3 శాతం, మెరోపెనెమ్ ఇచ్చినవాళ్లలో 3.7 శాతం. అది రక్తంలో ఇన్‌ఫెక్షన్ సంగతి, మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కి అచ్చంగా అదే లెక్క అన్వయించలేం. ఆ నిర్ణయం ఆయనదే, మన పని రిపోర్టులో ఆ రెండు మందుల గళ్లలోనూ సరైన అక్షరం (సెన్సిటివ్‌కి ఎస్, రెసిస్టెంట్‌కి ఆర్) వేయడం.

ఈ ఎంజైముల చరిత్ర మీ పిల్లలకి పాఠంగా చెప్పాలనుకుంటే మన దేశానికి అందులో పెద్ద వాటానే ఉంది, గర్వపడేది కాదనుకోండి. ప్రపంచమంతా పాకిన సీటీఎక్స్-ఎం-15ని మొదట గుర్తించింది భారతదేశపు శాంపిళ్లలో. ఎన్‌డీఎం-1ని 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర కనుక్కున్నారు, ఆయన అంతకుముందు ఢిల్లీలో చికిత్స తీసుకున్నారు, 2010లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వ్యాసం వచ్చాక ఆ పేరు మీద మన పార్లమెంటు దాకా గొడవ జరిగింది. గొడవ సద్దుమణిగింది, ఎంజైమ్ మాత్రం ఐసీయూల్లోనే ఉంది.

మళ్లీ మీ పెద్దాయన దగ్గరికి వద్దాం. క్యాథెటర్ యూరిన్ అన్నారు. జ్వరం ఉందా, తెల్లకణాలు పెరిగాయా, బీపీ పడుతోందా? క్యాథెటర్ కొన్నాళ్లు ఉన్న ఎవరికైనా యూరిన్‌లో బ్యాక్టీరియా పెరుగుతుంది, గొట్టం లోపల పొర కట్టుకుని కూర్చుంటాయి. లక్షణాలు లేకుండా యూరిన్‌లో బ్యాక్టీరియా ఉంటే గర్భిణులకి, మూత్రనాళంలో ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి తప్ప మామూలుగా మందు ఇవ్వరు. ఈ మాట ల్యాబ్ నుంచి వెళ్తే డాక్టర్లు నొచ్చుకుంటారని మీకు టెన్షన్ ఉండొచ్చు, నేను మాత్రం ఫోన్‌లో "సార్, పేషెంట్‌కి జ్వరం ఉందా? క్యాథెటర్ మార్చి కొత్తదాని నుంచి శాంపిల్ పంపగలరా?" అని అడుగుతాను, అడిగితే ఎవరూ తిట్టలేదు. ఎంజైమ్ తేల్చడం ఎలాగూ అవసరమే, మందు కోసం కాకపోయినా పక్క బెడ్‌లకి పాకకుండా ఆపడానికి. పాజిటివ్ వస్తే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌కి అదే రోజు చెప్పండి, విడి గది లేకపోతే కనీసం మూలకి మార్చి, ఆ బెడ్‌కి గ్లౌజులు, గౌన్లు వేరే పెట్టించమనండి, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసే జగ్గు ప్రతి మనిషికీ వేరుగా ఉండాలి. ఆ జగ్గు సంగతి చాలా చోట్ల ఎవరూ పట్టించుకోరు.

రిపోర్టు మాటల్లో ఇలా రాయండి: మెరోపెనెమ్, ఎర్టాపెనెమ్, ఇమిపెనెమ్ వరుసల్లో ఏ జోన్ వస్తే ఆ అక్షరం. ఎంసీఐఎం ఫలితాన్ని విడిగా కింద, "కార్బపెనిమేజ్ ఉత్పత్తి: పాజిటివ్" అనో "ఈ పద్ధతిలో కనపడలేదు" అనో. ఒకవేళ కనపడకపోతే దాని కిందే "పై సెన్సిటివిటీ ఫలితాలు మారవు" అని ఒక్క ముక్క. హాడ్జ్ నెగెటివ్ అని ఇప్పటికే కాగితం వెళ్లిపోయి ఉంటే సవరించిన రిపోర్టు పంపండి, పాతది ఫైలులో ఉండిపోతే రేపు ఇంకో డాక్టర్ అది చూసి మళ్లీ అదే ప్రశ్న వేస్తారు.

పీసీఆర్‌కి గానీ కార్డుకి గానీ బయటికి పంపాల్సి వస్తే ముందు ఫోన్ చేసి ఎవరు చేస్తున్నారో కనుక్కోండి, ఆంధ్రా మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో అడిగి చూడండి, ప్రైవేటు రిఫరెన్స్ ల్యాబ్‌లు కూడా ఉన్నాయి. న్యూట్రియెంట్ ఆగర్ స్లాంట్ మీద ప్యూర్ కల్చర్ పెంచి, మూత బిగించి, పీల్చే కాగితం చుట్టి, లీకవని రెండో డబ్బాలో, ఆ పైన గట్టి అట్టపెట్టెలో పెట్టి పంపాలి. పెట్రీ ప్లేట్‌కి టేపు వేసి బండి డిక్కీలో పడేసి గాజువాక నుంచి మహారాణిపేట దాకా ఎవరితోనూ పంపకండి. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లోనే మూత ఊడుతుంది.

ఎంసీఐఎం పెట్టాక రెండు జోన్‌లూ, కంట్రోల్ జోన్‌లూ నాలుగు అంకెలు ఇక్కడే రాయండి, ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది, పేషెంట్ పేరున్న స్టిక్కర్ మాత్రం కనపడకుండా.